కిల్‌మారిన్ పాత చర్చి గంట

"మళ్ళీ మొదట్నుంచి చెప్పండి," అంది సార్జెంట్ ఊనా గెడిస్.

"ఇది మూడోసారి." కాలమ్ డ్రైస్‌డేల్ కుర్చీలో వెనక్కి వాలాడు. కిల్‌మారిన్ ఎస్టేటుకి ఆయన మేనేజరు. పాత చర్చి, దాని చుట్టూ సమాధులు, పాస్టరు ఇల్లు, పావురాల గూడు అన్నీ ఎస్టేటువే. అన్నీ రక్షిత కట్టడాలే. "సోమవారం సాయంత్రం ఐదు గంటలు. గుర్రాలశాల నుంచి ఇంటికి వస్తున్నాను. పాత చర్చి గంట మోగింది. మూడుసార్లు. ఆ వెంటనే ఏదో బరువైంది పడ్డ చప్పుడు."

"ఆ చప్పుడు విని ఏం చేశారు?"

"ఇంటికెళ్ళాను."

"వెళ్ళి?"

"టీ తాగాను. చూడండి సార్జెంట్, ఆ చర్చిలోంచి రోజూ ఏదో ఒకటి రాలుతూనే ఉంటుంది. రాలిన ప్రతి రాయి వెనకా పరుగెత్తడానికి నేను మేనేజర్ని. కుక్కని కాదు."

"మర్నాడు పొద్దున శవాన్ని చూసింది మీరే."

"నేనే. పడమటి గోడ కింద పడున్నాడు. చేతిలో గంట తాడు, తల పక్కన రాతి గుండు. గంట గూడు మీద శిఖరంలా ఉండేదే, ఆ గుండు. ఒకప్పుడు ఆ గంట చూసుకునే డాడ్ ఇమ్రీకి డెబ్భై ఒక్కేళ్ళు. ప్రమాదం అని బోర్డు పెట్టి తొమ్మిదేళ్ళయింది. ఆ బోర్డు దాటొద్దని నేనే వందసార్లు చెప్పాను."

"బోర్డు పెట్టారు సరే. ఈ తొమ్మిదేళ్ళలో పైకప్పుకి ఎన్ని పలకలు వేయించారు?"

"రక్షిత కట్టడం. అందులో మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి."

"ఎన్నిసార్లు అడిగారు అనుమతి?"

డ్రైస్‌డేల్ కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి వైపు చూశాడు. ఆ మనిషి ఇన్‌స్పెక్టర్ లెయిడ్లా. హెడ్‌క్వార్టర్స్ నుంచి పొద్దునే దిగాడు. కోటు గుండీలు కూడా విప్పలేదు.

"ఆయన సాక్షి, సార్జెంట్," అన్నాడు లెయిడ్లా. "ముద్దాయి కాదు."

ఊనా తల ఊపి, బల్ల మీదున్న ప్లాస్టిక్ సంచిని ముందుకి జరిపింది. అందులో డాడ్ ఇమ్రీ జేబులో దొరికిన వస్తువులున్నాయి. చేతిరుమాలు, రెండు పిప్పరమెంట్లు, జానెడు పొడవున్న తోలు పట్టీ. పట్టీకి ఇత్తడి బకిలీ ఉంది. తోలు పాతదే, కాని నూనె పట్టి మెత్తగా, నల్లగా మెరుస్తోంది.

"ఇదేమిటో తెలుసా మీకు?"

డ్రైస్‌డేల్ ముందుకి వంగి చూశాడు. "కుక్క మెడ పట్టీ అయ్యుంటుంది."

"ఆయనకి కుక్క ఉందా?"

"ముసలాళ్ళందరికీ ఉంటుందిగా."

"డాడ్‌కి లేదు. ఇంకొకటి. సోమవారం నాడు ఆదివారం కోటు ఎందుకు వేసుకున్నట్టు? నల్లకోటు, తెల్ల చొక్కా, పాలిష్ చేసిన బూట్లు?"

"మిగతావి ఉతుక్కున్నాడేమో!" అన్నాడు లెయిడ్లా చేతి గడియారం చూసుకుంటూ. "చాలు. మిస్టర్ డ్రైస్‌డేల్, మీరు వెళ్ళొచ్చు."

డ్రైస్‌డేల్ తలుపు వేసుకుని వెళ్ళాక, లెయిడ్లా విషయం చెప్పాడు. చర్చి ఏ క్షణాన్నైనా కూలేలా ఉందని కౌన్సిల్ ఇంజనీరు రాశాడు. పోలీసుల వైపు నుంచి ప్రమాదమే అని ఒక్క మాట చేరితే, అత్యవసరంగా పడగొట్టడానికి ఇంకే అనుమతీ అక్కర్లేదు. ఎస్టేటు పొక్లెయిన్ అప్పుడే గేటు దగ్గర నిలబడి ఉంది. రెండింటికి పని మొదలు.

"ఈ రోజే రెండింటికా? మనిషి చచ్చి రెండు రోజులు కాలేదు సర్."

"అందుకే. ఇంకో మనిషి చావకూడదని."

ఊనా నెమ్మదస్తురాలు. స్టేషన్లో ఆమె గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. ఇప్పుడూ పెంచలేదు, కాని ఒళ్ళు మండిపోయింది. మూడువందల యాభై ఏళ్ళ చర్చి. దేశంలోని మొదటి తరగతి కట్టడాల్లో ఒకటని చట్టం దాన్ని కాపాడుతోంది. ఆ కాపాడడమంతా కాగితం మీదే. కప్పు మీద పలక జారితే పట్టించుకోలేదు, గట్టర్లో చెట్టు మొలిస్తే పట్టించుకోలేదు. వానే కూలగొట్టి బాగుచేసే ఖర్చు తప్పించాలి, ఎస్టేటు చేతికి మట్టి అంటకూడదు. వాన ఆలస్యం చేసింది. ఇప్పుడు ఒక ముసలాయన శవం అడ్డం పెట్టుకుని రెండు గంటల్లో పని కానిచ్చేస్తారు.

"నేను ఒకసారి చోటు చూసొస్తాను సర్."

"చూశాం కదా."

"మీరు చూశారు," అంది ఊనా.

*

పడమటి గోడ దగ్గర కానిస్టేబుల్ పీట్రీ కాపలా ఉన్నాడు. ఇంకో ఏడాదికి రిటైరయ్యే మనిషి. శవం ఉన్న చోట గుడారం గుడ్డ కప్పి, నాలుగు వైపులా రాళ్ళు పెట్టాడు.

"వచ్చావా తల్లీ! కాళ్ళు మంచుగడ్డలయ్యాయి. ఈ గుండు మళ్ళీ ఎగిరి గూట్లో కూర్చుంటుందేమోనని కాపలా కాస్తున్నా."

"గుడ్డ తియ్యి."

రాతి గుండు పెద్ద గుమ్మడికాయంత ఉంది. గడ్డి మీద, పళ్ళెంలో గుడ్డు పెట్టినట్టు కూర్చుంది. ఊనా దాని పక్కన తన బూటు మడమ ఆనించి నొక్కింది. మడమ సగం దిగిపోయి, గుంటలో నీళ్ళు ఊరాయి. మూడు రోజులుగా ఒకటే వాన.

ఆమె తలెత్తి చూసింది. గోడ కొసన గంట గూడు, నాలుగు రాతి కాళ్ళ మీద చిన్న గొడుగులా. గొడుగులో పచ్చబారిన గంట. గొడుగు మీద గుండు ఉండాల్సిన చోట ఖాళీ. నలభై అడుగులకి తక్కువ ఉండదు.

"పీట్రీ, నా మడమకే ఇంత గుంట పడింది. అంత ఎత్తునుంచి పడ్డ ఈ గుండుకి ఎంత పడాలి?"

పీట్రీ వంగి చూసి ఈల వేశాడు. "నా చిటికెన వేలు కూడా దూరట్లేదు దీని కింద."

"గుండు ఊడిన చోట రాయి తెల్లగా కనబడాలి. పైన చూడు, ఎలా ఉంది?"

"నల్లగా ఉంది. నాచు కూడా పట్టింది." పీట్రీ గొంతు తగ్గింది. "అంటే ఇది సోమవారం పడలేదా?"

"ఎప్పుడో పడింది. పడ్డాక ఇంకెక్కడో ఉంది. ఆ చోటు దొరకాలి."

ఊనా వరసగా సమాధుల మధ్య నడిచింది. వైద్య కళాశాలలకి అమ్ముకోవడానికి శవాలు ఎత్తుకుపోయే దొంగల కోసం ఒకప్పుడు ఊరివాళ్ళు రాత్రిళ్ళు కూర్చున్న కాపలా గది ఉంది గేటు పక్కన. దాని గోడ వెంట, బొమ్మరాళ్ళూ విరిగిన సమాధి ముక్కలూ ఎవరో జాగ్రత్తగా వరసగా పేర్చి పెట్టారు. బోర్డు దాటి ఇక్కడికి వచ్చేది డాడ్ ఒక్కడే; రాలిన ప్రతి ముక్కనీ తనే అక్కడికి చేర్చేవాడన్నమాట. వరసలో చివర ఒక ఖాళీ. ఆ ఖాళీలో గడ్డి పాలిపోయి తెల్లగా, గుండ్రంగా ఉంది. అప్పుడే వెలుగు సోకినట్టు రెండు నత్తలు ముడుచుకుని ఉన్నాయి. ఊనా ఆ గుండ్రాన్ని తన స్కార్ఫుతో కొలిచి, వచ్చి గుండుకి పట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది.

"సార్జెంట్!" వెనకనుంచి లెయిడ్లా గొంతు. "తోటపని మొదలుపెట్టావా?"

ఆమె రెండు చోట్లూ చూపించింది. లెయిడ్లా చూశాడు. కాని వంగలేదు.

"నేల గడ్డకట్టి ఉండొచ్చు, అందుకే గుంట పడలేదు."

"సోమవారం వాన సర్. గడ్డకట్టలేదు."

"ముందు గోడకి తగిలి, మెల్లగా జారి ఉండొచ్చు."

"మెల్లగా జారిన గుండు తల పగలగొట్టిందా?"

లెయిడ్లా మొహం ఎర్రబడింది. "ఆ తెల్లగడ్డి మీద సోమవారందాకా ఈ గుండే ఉందని నువ్వు చూశావా? ఏదో రాయి ఉండి ఉంటుంది. పాత గోడ, పాత రాయి, ముసలి మనిషి. ఇందులో నీకు హత్య ఎక్కడ కనబడుతోంది?"

"తప్పు రాయి మీదకి తోస్తే అందరికీ సుఖమే సర్. రాయి కోర్టుకి రాదు."

"మాట జాగ్రత్త."

"జాగ్రత్తగానే అంటున్నాను. ఎవరో డాడ్‌ని చంపి, గుండు మోసుకొచ్చి పక్కన పెట్టి, చేతిలో తాడు పెట్టారు. రెండింటికి ఇదంతా రాళ్ళకుప్ప అయిపోతుంది. ఒక్కరోజు ఆపండి."

"ఆధారం తీసుకురా. గడ్డి కాదు, ఆధారం. రెండింటిలోపు." లెయిడ్లా వెనక్కి తిరిగాడు. "డాడ్ ఆరింటిలోపే పోయాడని డాక్టరు కూడా చెప్పాడు. డ్రైస్‌డేల్ చెప్పిన ఐదు గంటలకి సరిగ్గా సరిపోతోంది. అది చూడు ముందు."

*

డాడ్ చెల్లెలు బీనీ ఇమ్రీ ఇల్లు చర్చి గేటుకి ఎదురుగానే. లోపల బయటికన్నా చలిగా ఉంది. కిటికీ చెక్కల సందుల్లో పాత మేజోళ్ళు కుక్కి ఉన్నాయి.

"కూర్చో అమ్మాయ్. కోటు విప్పకు, చచ్చిపోతావు."

"మిస్ ఇమ్రీ, మీతో..."

"మిస్ ఇమ్రీ అంటే నాకే భయమేస్తుంది, ఎవరో పన్ను వసూలుకి వచ్చారని. బీనీ అను." ఆమె టీ పోసింది. కళ్ళు వాచి ఉన్నాయి. "ఈ కిటికీ చూస్తున్నావా? రెండో అద్దం వేసుకుంటానని కౌన్సిల్‌ని అడిగాను. కుదరదన్నారు. ఇది రక్షిత ఇల్లు, చారిత్రక కిటికీ. సరే, చారిత్రక చలిలో కూర్చున్నాను. ఎదురుగా చర్చి కప్పు ఊడిపోతుంటే మాత్రం ఒక్కడూ రాలేదు. నా కిటికీలో అద్దం నేరం. వాళ్ళ కప్పులో కంత మాత్రం వాతావరణం. ఇప్పుడేమో నా అన్న పిచ్చోడు, బోర్డు చదవడం రాక చచ్చాడు అంటున్నారు. ఆ బోర్డుకి రంగు వేసిందే డాడ్! ఎస్టేటువాళ్ళు పెట్టిన బోర్డు అక్షరాలు చెరిగిపోతే, పిల్లలు లోపలికి వెళ్తారని తనే వేశాడు."

ఊనా ఆ మాట పూర్తయ్యేదాకా ఆగింది. "బీనీ గారూ, సోమవారం ఐదింటికి గంట మోగిందా?"

"ఐదింటికా? ఎలా మోగుతుంది? ఆ గంటకి లోపల కొట్టుకునే నాలుకే లేదుగా."

ఊనా టీ కప్పు కింద పెట్టింది.

"తొమ్మిదేళ్ళ కిందట చర్చి మూసిన రోజు, చివరి ప్రార్థన అయ్యాక, దాని నాలుక దించేశాం. ప్రార్థన లేనిచోట గంట మోగితే అది అబద్ధం చెప్పినట్టు. ఊరంతా కలిసి అనుకున్నాం. డాడ్ పైకెక్కి దించి, తన ఆదివారం కోటు విప్పి అందులో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. అదిగో, ఆ మేకుకే వేలాడేది."

పొయ్యి పక్కన గోడకి పెద్ద మేకు ఉంది. దాని కింద సున్నం మీద చేతిపొడవు నల్లని మరక. మేకు ఖాళీగా ఉంది.

"ఎస్టేటువాళ్ళకి ఈ సంగతి తెలుసా?"

"చెప్పకూడదని ఎవరూ అనుకోలేదు. మొన్నటిదాకా అడిగినవాడు లేడు. సోమవారం మధ్యాహ్నం ఎస్టేటు నుంచి ఫోను వచ్చింది. ఎవరు చేశారో డాడ్ చెప్పలేదు. చర్చి బాగుచేయించబోతున్నారు, ఈస్టర్‌కి గంట మోగాలి, నాలుక తెచ్చి తగిలించమన్నారు, అన్నాడు. అని, గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడలేదనుకున్నాడు. స్నానం చేసి, ఆదివారం కోటు వేసుకుని, నాలుక గోనెసంచిలో చుట్టుకుని నాలుగున్నరకి బయల్దేరాడు."

నల్లకోటు, పాలిష్ చేసిన బూట్లు. ఊనా జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీసింది. "ఇదేమిటో చెప్పగలరా?"

బీనీ దాన్ని చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాలుక కట్టే పట్టీ. తోలుతోనే కట్టాలి. ఏటా చలికాలం ముందు నూనె రాసేవాడు. గంటే మోగకపోతే పట్టీకి నూనె ఎందుకని నవ్వేదాన్ని. తాడుతో కడితే ఒరుసుకుని తెగుతుంది, ఎవడి నెత్తి మీదో పడుతుంది, అనేవాడు. ఇది లేకుండా కట్టనే కట్టడు." ఆమె తలెత్తింది. "ఇది జేబులోనే ఉందా? అయితే మరి మోగిందేమిటి?"

"ఎప్పుడు మోగింది?"

"ఐదింటికి కాదు. ఏడు దాటాక, రేడియోలో వార్తలు అయ్యాక. ఒకే ఒక్క దెబ్బ. పని పూర్తయింది, వచ్చేస్తున్నాడు అనుకుని, నేను..." బీనీ పొయ్యి వైపు చూసింది. "నేను బంగాళదుంపలు పొయ్యి మీద పెట్టాను."

డాడ్ చనిపోయింది ఆరింటిలోపు. గంట మోగింది ఏడు దాటాక. పట్టీ డాడ్ జేబులో ఉండిపోయింది. ఊనా లేచి నిలబడింది. శవం దగ్గర ఇనుప నాలుక దొరకలేదు. గోనెసంచీ దొరకలేదు. డాడ్ తల పగలగొట్టింది రాయి కాకపోతే, అంత బరువూ అంత పొడవూ ఉన్న వస్తువు ఆ సాయంత్రం అక్కడ ఒక్కటే ఉంది. దాన్ని దాచడానికి, ఎవరికీ అనుమానం రాని చోటు కూడా ఒక్కటే ఉంది.

"బీనీ గారూ, టైమెంత?"

"రెండు కావడానికి పది నిమిషాలుంది."

*

పొక్లెయిన్ ఇంజను అప్పటికే మొదలైంది. గేటు దగ్గర లెయిడ్లా, డ్రైస్‌డేల్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఊనా పరుగున వచ్చింది.

"మిస్టర్ డ్రైస్‌డేల్, గంట మూడుసార్లు మోగడం మీరు విన్నారు. స్పష్టంగానేనా?"

"స్పష్టంగా."

"తొమ్మిదేళ్ళుగా ఆ గంటకి నాలుక లేదు."

లెయిడ్లా చటుక్కున డ్రైస్‌డేల్ వైపు తిరిగాడు. డ్రైస్‌డేల్ కనురెప్ప కూడా వెయ్యలేదు. చిన్నగా నవ్వాడు కూడా.

"ఉంది సార్జెంట్. ముసలాడు ఆ రోజు తెచ్చి తగిలించాడు. పైకి చూడండి, కనబడుతుంది."

"తగిలించాడని మీకెవరు చెప్పారు?"

"మోగింది కదా."

"గంటకి నాలుక ఉందో లేదో ఈ ఊళ్ళో ఏ ఎస్టేటువాడూ ఇన్నేళ్ళలో పట్టించుకోలేదు. ఆ రోజు తెచ్చాడని మీకెలా తెలిసింది?"

డ్రైస్‌డేల్ చూపు పొక్లెయిన్ వైపు మళ్ళింది. "ఊరన్నాక అందరూ చెప్పుకుంటారు."

"సర్," ఊనా లెయిడ్లా వైపు తిరిగింది, "నేను పైకి వెళ్ళి ఆ నాలుక చూడాలి. పది నిమిషాలు."

"ఆ మెట్లు పుచ్చిపోయాయి. నా మాట కాదని ఎక్కితే నీ ఉద్యోగం ఉండదు."

"ఉద్యోగం పోతే పోనీండి. డాడ్ గురించి రాసిన అబద్ధం మాత్రం ఉండకూడదు."

ఆమె బోర్డు దాటి లోపలికి వెళ్ళిపోయింది. వెనక లెయిడ్లా అరుస్తున్నాడు. చర్చిలో బల్లల మీద వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. పడమటి గోడకి ఆనించిన నిచ్చెనలో రెండు మెట్లు లేవు. మూడోది ఆమె కాలికింద విరిగింది. అటకమీదికి పాకి, గోడలో ఉన్న చిన్న తలుపు తోసింది. గాలి మొహాన కొట్టింది. చేతికి అందేంత దగ్గరలో గంట.

గంటలో నాలుక ఉంది.

దాన్ని గడ్డి మోపులు కట్టే నారింజరంగు ప్లాస్టిక్ తాడుతో కట్టారు. తాడు కొత్తది. ముడి మీద ముడి, తొందరలో వేసినవి. నాలుక చివర, గంటకి తగిలే గుబ్బ మీద, ఎండిపోయిన నల్లటి మరక. ఆ మరకలో నాలుగైదు తెల్ల వెంట్రుకలు అంటుకుని గాలికి వణుకుతున్నాయి.

నెత్తురు మరిగిపోయింది ఊనాకి. ఇదే నాలుకని కోటులో చుట్టి పసిబిడ్డలా మోసుకెళ్ళిన మనిషిని, దీనితోనే కొట్టారు. కొట్టి, దాన్ని ఉండాల్సిన చోటే వేలాడదీశారు. వేలాడదీస్తుంటే అది ఒక్కసారి మోగింది. ఆ దెబ్బ విని చెల్లెలు అన్న కోసం బంగాళదుంపలు పొయ్యి మీద పెట్టింది.

"ఆపండి!" ఆమె కిందికి అరిచింది. ఇంజను హోరులో ఆ కేక ఎవరికీ అందలేదు. పొక్లెయిన్ గేటు దాటి సమాధుల మధ్యకి వస్తోంది.

నాలుకని ముట్టుకోకూడదు. ఊనా నడుముకున్న టార్చి తీసి, గంటని బయటినుంచి బలంగా కొట్టింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

సోమవారం రాత్రి ఒక్క దెబ్బ తప్ప, తొమ్మిదేళ్ళుగా ఊరు వినని మోత. పోస్టాఫీసు తలుపు తెరుచుకుంది. బడి పక్క ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. చేతుల్లో పిండితో ఒకావిడ, మెడలో తువ్వాలుతో ఒకాయన, అందరూ రోడ్డుమీదికి వచ్చి పైకి చూశారు. పొక్లెయిన్ ఆగింది. డ్రైవరు ఈ ఊరివాడే. కిందికి దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గేటు దగ్గర బీనీ నిలబడి ఉంది.

"సర్!" ఊనా అరిచింది. ఈసారి మాట కిందికి చేరింది. "రక్తం ఉంది! వెంట్రుకలు ఉన్నాయి! తోలు పట్టీ డాడ్ జేబులోనే ఉండిపోయింది. ఇది కట్టింది డాడ్ కాదు!"

లెయిడ్లా తలెత్తి చూశాడు. తర్వాత మెల్లగా పక్కకి తిరిగాడు. పక్కన ఎవరూ లేరు.

పైనుంచి ఊనాకి అంతా కనబడుతోంది. అందరూ గంటవైపే చూస్తున్నారు. డ్రైస్‌డేల్ ఒక్కడే చూడటం లేదు. అతను పారిపోవడం లేదు. తలుపు తీసి పొక్లెయిన్ ఎక్కి కూర్చున్నాడు. డ్రైవరు దిగేటప్పుడు ఇంజను ఆపలేదు.

ఇనుప చెయ్యి పైకి లేచింది.

"దిగు! దిగెయ్ గెడిస్!" లెయిడ్లా పరుగెత్తుతూ అరిచాడు. పొక్లెయిన్ తలుపు మీద పిడికిళ్ళతో బాదుతున్నాడు. పీట్రీ రెండోవైపు నుంచి ఎక్కబోయి జారిపడ్డాడు.

దిగడానికి టైముంది. కాని దిగితే నాలుక ఇక్కడే ఉండిపోతుంది. రాళ్ళకింద పడి నలిగాక, ఆ వెంట్రుకలు ఎవరికీ దొరకవు. ప్రమాదం అనే మాటే మిగులుతుంది.

ఊనా కోటు విప్పి నాలుకకి చుట్టింది. జేబుకత్తితో ముడికి పైన, ముడి చెదరకుండా, తాడు కోసింది. బరువు ఒక్కసారిగా చేతుల్లో పడింది. రెండు చేతులతో గుండెకి హత్తుకుని అటకమీదికి వెనక్కి జరిగింది.

ఇనుప చెయ్యి కొట్టిన మొదటి దెబ్బకి గోడ పాదంనుంచి కొసదాకా అదిరింది. ఆమె కళ్ళెదుట గంట ఇటునుంచి అటు పూర్తిగా ఊగింది. దానికి నాలుక లేదు. చప్పుడు రాలేదు.